సమాధానం: పాప పుట్టాక ఇద్దరికీ నిద్ర లేదు, మాటకు ముందే గొడవ

మీ నిద్ర చెడుతున్నది పాప లేవడం వల్ల కాదు, ప్రతి ఏడుపుకూ ఇద్దరూ లేవడం వల్ల. నెలల పిల్లలు 2–3 గంటలకోసారి పాలకు లేస్తారు, అది మన చేతిలో లేదు.

1. రాత్రిని పంచుకోండి: 9 నుంచి 2 వరకు ఒకరు, తర్వాత మరొకరు.

2. చాలామంది వదిలేసేది ఇదే. వంతు లేనివారు వేరే గదిలో తలుపు వేసుకుని పడుకోవాలి. పక్కనే ఉంటే పాప కాస్త మూలిగినా మెలకువ వస్తుంది, వంతు పేరుకే మిగులుతుంది. తల్లిపాలైతే పాలివ్వడం వరకే ఆమె పని. ఎత్తుకొచ్చి ఇవ్వడం, త్రేన్పు తెప్పించడం, తడిగుడ్డ మార్చడం తండ్రివి.

3. రాత్రి ఇంటిపని పెట్టుకోకుండా పడుకోండి, గిన్నెలు పొద్దున తోముకోవచ్చు.

కాన్పయి 2 వారాలు దాటినా దిగులు తగ్గకపోతే నిద్రలేమి అని సరిపెట్టుకోకుండా డాక్టరుకు చెప్పండి. ఈ దిగులు తండ్రులకూ వస్తుంది.