పెడల్స్ సంగతి తర్వాత, ముందు ఆంప్ సంగతి చూడు

అమ్ములూ,

నువ్వు పంపిన ఫొటో చూశాను. ఐదు గిటార్ ఎఫెక్ట్ పెడల్స్ నేల మీద పరిచి ఏది ముందు, ఏది వెనక బాబాయ్ అని అడిగావు. చెప్తాను, అది రెండు నిమిషాల పని. దానికంటే ముందు మీ అక్క డల్లాస్ నుంచి తెచ్చిన బ్లూస్ జూనియర్ గిటార్ ఆంప్ (ఆంప్లిఫయర్) వెనక ప్లేట్ మీద ఏం రాసుందో చూడు. 120 వోల్టులు అని ఉంటే మాత్రం దాన్ని నేరుగా గోడ సాకెట్లో పెట్టకు, మనది 230. ఎయిర్‌పోర్టులో అమ్మే ప్లగ్ అడాప్టర్ పిన్నుల ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజీని కాదు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, ప్లేట్ మీదున్న వాట్లకు కనీసం రెట్టింపుది, అదీ ఎర్త్ ఆంప్ దాకా అందేది. చవకవాటిలో చాలావరకు రెండు పిన్నులే ఉంటాయి, అవి వద్దు. బర్రుమనే హమ్ పోవాలంటే ఎర్త్ పీకెయ్ అని ఎవడైనా చెప్తే వినకు, తీగల మీద చేతులుండేది నీవి. వెనక తెరిచి చెయ్యి కూడా పెట్టకు, లోపల వందల వోల్టులు ఉంటాయి, స్విచ్ ఆపినా కెపాసిటర్లలో కొంతసేపు నిలిచే ఉంటాయి. స్పీకర్ వైరు ఊడదీసి మాత్రం ఎప్పుడూ ఆన్ చెయ్యకు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు.

ఇక సౌండ్. పెడల్స్ అన్నీ పక్కన పెట్టి గిటార్ నేరుగా ఆంప్‌లో పెట్టు. మాస్టర్ 7 దగ్గర, వాల్యూమ్ 2 లేదా 3, ఫ్యాట్ స్విచ్ ఆఫ్, టోన్ నాబ్‌లన్నీ మధ్యలో, రివర్బ్ దాదాపు సున్నా. మెల్లగా మీటితే క్లీన్‌గా, గట్టిగా మీటితే కొంచెం బొంగురుగా రావాలి. అది వచ్చేదాకా పెడల్ ముట్టుకోకు. ఇంట్లో గొడవవుతుందనుకుంటే వాల్యూమ్ తగ్గించు గానీ, మాస్టర్ తగ్గించి వాల్యూమ్ పెంచకు, అలా చేస్తే ముందు దశలోని (ప్రీఆంప్) ట్యూబులే చెడామడా డిస్టార్ట్ అయిపోయి పెడల్స్‌కి చోటుండదు.

ఎందుకంటే అది 15 వాట్ల ఆంప్, చివరి పవర్ దశలో రెండు ఈఎల్84 ట్యూబులు, ఎఫెక్ట్స్ లూప్ (ప్రీఆంప్ తర్వాత పెడల్స్ కలిపే చోటు) లేదు. నీ డిలే (ప్రతిధ్వని ఇచ్చే పెడల్) కూడా ముందే వెళ్లి ట్యూబుల గుండా రావాలి. ట్యూబులు అప్పటికే డిస్టార్ట్ అవుతుంటే అసలు నోటూ దాని ప్రతిధ్వనీ ఒకే ఎత్తుకి నొక్కుకుపోయి అంతా గజిబిజి అవుతుంది, అప్పుడు డిలే పెడల్ బాగోలేదని నువ్వు ఇంకోటి కొంటావు! ఆంప్ సొంత క్రంచే (ఆ బొంగురే) ఇష్టమైతే డిలే మిక్స్ బాగా తగ్గించు, రెండు మూడు రిపీట్లు చాలు. 120 టెంపోకి 375 మిల్లీసెకన్లు పెట్టి చూడు, డాటెడ్ ఎయిత్ (ముప్పావు బీటు) పడుతుంది.

ట్యూబ్ స్క్రీమర్‌ని (ఓవర్‌డ్రైవ్ పెడల్) అందరూ డ్రైవ్ పెంచేసి వాడతారు. నువ్వు డ్రైవ్ దాదాపు సున్నాలో, లెవెల్ పైకి పెట్టు. అది బేస్ కొంచెం కోసి మిడ్స్ పైకి తెస్తుంది, చిన్న డబ్బా ఆంప్‌లో ముందు బురదయ్యేది బేస్ కాబట్టి దానికిదే సరైన మందు. కానీ సోలోకి ఆ పెడల్ తొక్కితే సౌండ్ పెరగలేదంటావేమో. ట్యూబులు నిండాక పైనుంచి ఎంత తోసినా నిండిన బిందెలో నీళ్లు పోసినట్టే, డిస్టార్షన్ పెరుగుతుంది తప్ప సౌండ్ పెరగదు. అందుకే రిథమ్ గిటార్ వాల్యూమ్ 6లో వాయించి, సోలోకి 10కి తిప్పు. ఈ నాబ్ అలవాటైతే సగం పెడల్స్ అక్కర్లేదు.

వరస అడిగావుగా: ట్యూనర్, వా, ట్యూబ్ స్క్రీమర్, కోరస్, డిలే. అంతే. రేపు పాతకాలపు జర్మేనియం ఫజ్ (బాగా గరుకు డిస్టార్షన్ ఇచ్చే పెడల్) కొంటే దాన్ని అన్నిటికంటే ముందు, గిటార్ పక్కనే పెట్టు, బఫర్ (కొన్ని పెడల్స్‌లో సిగ్నల్‌కి బలమిచ్చే సర్క్యూట్) తర్వాత అవి సరిగ్గా పలకవు. వాటిలో చాలావాటికి పాజిటివ్ గ్రౌండ్ ఉంటుంది (మిగతావాటికి తలకిందులు), మిగతావాటితో ఒకే అడాప్టర్ మీద పెట్టకూడదు.

కీచుమంటోందని రాశావు, అది ఎక్కువగా ఒకే అడాప్టర్ నుంచి అన్నిటికీ గొలుసులా కరెంటివ్వడం వల్లే వస్తుంది. డిజిటల్ డిలేకి విడిగా 9 వోల్టుల అడాప్టర్ పెట్టు, సెంటర్ నెగెటివే (ప్లగ్ మధ్యలో మైనస్) కదా అని, మిల్లీఆంప్స్ సరిపోతున్నాయా అని పెడల్ మీద చదువు. అయినా బర్రుమంటుంటే పెడల్స్ ఒక్కొక్కటే తీసి చూడు. అన్నీ తీసినా పోకపోతే ఫ్యాన్ రెగ్యులేటర్ ఫుల్‌లో పెట్టు లేదా ఆపు, ఫోన్ చార్జర్ పీకు, కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తోందేమో కూడా చూడు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద సింగిల్ కాయిల్ పికప్ (హమ్ తేలిగ్గా పట్టే రకం) ఉన్న గిటార్ వాయించడం దండగ.

ఆంప్‌ని నేల మీద పెట్టకు, స్టూలు మీదకి ఎక్కించు. కింద ఉంటే సౌండ్ నీ మోకాళ్లకి తగులుతుంది, నీకు వినపడట్లేదని ట్రెబుల్ పెంచుతావు, ఎదురుగా కూర్చున్నవాళ్ల చెవులు చిల్లులు పడతాయి. కోరస్ నీ ఇష్టం, నేనైతే వాడను.

ముందు పెడల్స్ లేకుండా ఆంప్ ఒక్కదాన్నీ ఫోన్‌లో రికార్డ్ చేసి పంపు, నాబ్‌ల ఫొటోతో సహా.

బాబాయ్