మందు కొట్టినా నాచు మళ్లీ ఎందుకొస్తోంది?

ప్రశ్న: సియాటిల్ దగ్గర బోథెల్‌లో ఉంటున్నాం. ఇంటి వెనక 800 చదరపు అడుగుల లాన్‌లో సగం నాచే. రెండేళ్లుగా మార్చిలో మాస్ కిల్లర్ (నాచును చంపే మందు) కొడుతున్నాం, సున్నం కూడా చల్లాం. నల్లబడి చస్తోంది, నవంబరుకల్లా మళ్లీ పట్టేస్తోంది. ఏం చేయాలండీ?

జవాబు: మందు పనిచేసిందమ్మా. చచ్చిన నాచు తీసిన చోట గడ్డి వేయకపోవడమే చిక్కు. నాచు గడ్డిని చంపదు, గడ్డి పలచబడ్డ చోటికి వచ్చి చేరుతుంది. ఒకచోట చేత్తో లాగి చూడండి, తడిసిన గోనెపట్టాలా ఊడొస్తుంది. కింద బోడి నేల, అక్కడక్కడ పాలిపోయిన గడ్డిపోచలు కనిపిస్తాయి. మీ దగ్గర వేసవి పొడిగా ఉండి గడ్డి ఎండుతుంది, ఆ వెంటనే చలికాలమంతా వాన. ఆ సందులోనే నాచు అల్లుకుంటుంది.

మాస్ కిల్లర్లలో చాలావాటిలో ఉండేది ఐరన్ సల్ఫేటు. ఇనుపధాతు లోపానికి మన రైతులు పిచికారీ చేసే అన్నభేదే అది. మీ లాన్ మొత్తానికి 115-160 గ్రాములు 12-16 లీటర్ల నీటిలో కలిపితే సరిపోతుంది. కొన్న సరుకు లేబుల్ మీద వేరే మోతాదు ఉంటే దాన్నే పాటించండి. నాచు తడిగా, పచ్చగా ఉన్నప్పుడు, ఒక రోజంతా వాన పడదనుకున్నప్పుడు కొట్టాలి. ఎండిన నాచుకు మందు సరిగా పట్టదు.

నల్లబడ్డాక రేక్‌తో మట్టి కనిపించేదాకా గీకేయండి. బతికున్న నాచును గీకితే ముక్కలు చెదిరి పక్కకు పాకుతుంది. తర్వాత ఒక స్క్రూడ్రైవర్ తడి నేలలో గుచ్చండి. నాలుగంగుళాలు కూడా దిగకపోతే నేల గట్టిపడిందన్నమాట. నేలకు కన్నాలు చేసి మట్టి బిళ్లలు పైకి తీసే యంత్రం, కోర్ ఏరేటర్, అద్దెకు తెచ్చి, రెండు మూడంగుళాల బిళ్లలు తీయించండి. బిళ్లలను అక్కడే వదిలేయవచ్చు.

ఏప్రిల్, మే నెలల్లో పెరెన్నియల్ రైగ్రాస్, ఫైన్ ఫెస్క్యూ అనే గడ్డి రకాలు కలిపిన విత్తనం చల్లండి. లాన్ అంతటికీ కిలోన్నర చాలు, నాచు తీసిన జాగాలో కాస్త ఒత్తుగా వేయండి. మొలిచేదాకా పైమట్టి ఆరనివ్వకండి. వేసవిలో వారానికి ఒక అంగుళం నీళ్లు తప్పవు. నీళ్లు పెట్టడం కష్టమైతే సెప్టెంబరులో విత్తండి. గడ్డిని రెండంగుళాల కంటే పొట్టిగా కోయకండి. 20 శాతం నత్రజని ఉన్న ఎరువైతే విడతకు 1.8 కిలోలు, మే, జూన్, సెప్టెంబరు, అక్టోబరు చివర వేయండి. ఆకలిగొన్న గడ్డి నాచుకు చోటిస్తుంది, చాలామంది అశ్రద్ధ చేసేది ఇక్కడే.

సున్నం నాచును చంపదు. మట్టి పరీక్ష చేయించి, పీహెచ్ బాగా తక్కువని, అంటే నేలలో ఆమ్లగుణం ఎక్కువని తేలితేనే రిపోర్టులో చెప్పినంత వేయండి.

చెట్ల నీడ వల్ల రోజుకు నాలుగు గంటల ఎండైనా పడని మూల ఉంటే, అక్కడ గడ్డి కోసం ఏటా పోరాడొద్దని మా సలహా. మీకు దగ్గరలోని బెయిన్‌బ్రిడ్జ్ ద్వీపంలో బ్లోడెల్ రిజర్వ్‌లో నాచునే తోటగా పెంచారు, ఒకసారి చూసి రండి.

ప్రశ్న: మందు పడి కాంక్రీటు మీద తుప్పు మరకలు పడ్డాయి. బ్లీచ్ వేయవచ్చా?

జవాబు: వద్దు, బ్లీచ్‌తో ఆ మరక ఇంకా గట్టిపడుతుంది. ఆక్సాలిక్ ఆమ్లం ఉన్న తుప్పు క్లీనర్ వాడండి. ముందు ఒక మూల పరీక్షించి, చేతికి గ్లౌజులు వేసుకుని రుద్ది, బాగా కడగండి. ఈసారి గుళికల మందైతే నీళ్లు తగలకముందే కాంక్రీటు మీద పడ్డవాటిని చీపురుతో లాన్‌లోకి ఊడ్చేయండి.