తోటి ఉద్యోగులతో విశ్వాసం గురించి ఎలా మాట్లాడాలి: నా అనుభవం

వందనాలు బ్రదర్. కొత్తగా ఉద్యోగంలో చేరానని, తోటివాళ్లతో ప్రభువు గురించి మాట్లాడకపోతే తప్పు చేస్తున్నట్టు ఉంటోందని, మాట్లాడితే మతప్రచారం అంటారేమోనని టెన్షన్‌గా ఉందని రాశారు. నేను 14 ఏళ్లుగా విజయవాడ ఆటోనగర్‌లో ఒక లారీ స్పేర్ పార్ట్స్ షాపులో అకౌంట్స్ రాస్తున్నాను. నాకు అనుభవం మీద తెలిసింది ఇది: వాళ్లే అడిగేదాకా ఓపిక పట్టండి, అడిగిన రోజు మాత్రం దాచకండి.

చేరిన కొత్తలో నేనిలా లేను. రోజూ పొద్దున్నే షాపు వాట్సాప్ గ్రూపులో బైబిల్ వాక్యం పెట్టేవాణ్ణి. భోజనాల దగ్గర ఎవరు ఏ కష్టం చెప్పుకున్నా "ప్రభువును నమ్ముకోండి" అనేవాణ్ణి. ఒకరోజు గోడౌన్ చూసుకునే పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, "బాబూ, మా ఆవిడకు ఆపరేషన్ అని చెబితే ఏ ఆస్పత్రి అని కూడా అడగలేదు నువ్వు" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆయన అన్నది నిజం. మర్నాడు వెళ్లి క్షమించమని అడిగాను, ఏ ఆస్పత్రో కనుక్కున్నాను. ఆదివారం ఆరాధన అయ్యాక నేనూ మా ఆవిడా క్యారేజీ పట్టుకుని వెళ్లాం. అక్కడ వాక్యం ఏమీ చెప్పలేదు, కాసేపు కూర్చుని వచ్చేశాం. గ్రూపులో వాక్యాలు పెట్టడం కూడా అప్పుడే ఆపేశాను.

అప్పటి నుంచి ఒక చిన్న నోటుబుక్ పెట్టుకున్నాను. ఎవరైనా కష్టం చెబితే ముందు పూర్తిగా వింటాను. తర్వాత "మీ కోసం ప్రార్థన చేయమంటారా?" అని అడుగుతాను. సరే అంటే పేరు, తేదీ రాసుకుంటాను. రాత్రి 9 గంటలకు కుటుంబ ప్రార్థనలో మా పిల్లలు ఆ పేర్లు చదువుతారు. వారం తర్వాత ఆ మనిషి దగ్గరికి వెళ్లి ఎలా ఉందని అడుగుతాను. ఈ చివరిది చాలామంది మర్చిపోతారు. దయచేసి మీరు మర్చిపోకండి.

మీరు పనిచేసే చోట అన్నిటికంటే ముందు జనం చూసేది డబ్బు దగ్గర మీరెలా ఉంటారన్నదే. మా లైన్‌లో జీరో వ్యాపారం మామూలే. జీఎస్టీ బిల్లు లేకుండా తెల్ల కాగితం మీద రాసిచ్చి, పుస్తకాల్లో చూపించరు. నాలుగేళ్ల క్రితం మా ఓనరు గారు నన్ను ఆ లెక్కలు చూడమన్నారు. "సార్, ఏ పనైనా చేస్తాను, ఇది మాత్రం నావల్ల కాదు" అన్నాను. "మీ దేవుడు ఒప్పుకోడా?" అని కోపంగానే అడిగారు. "ఒప్పుకోడు సార్. మీ డబ్బు దగ్గర నేను అబద్ధం ఆడకపోవడానికి కారణం కూడా ఆయనే" అన్నాను. అన్నేళ్లలో ఆయనతో ప్రభువు గురించి నేను మాట్లాడింది అదే మొదటిసారి. ఆ పని వేరే అబ్బాయికి అప్పగించారు. ఆ ఏడాది నాకు జీతం పెరగలేదు. జీరో లెక్కలు ఇప్పటికీ నడుస్తున్నాయి, నేనూ అక్కడే జీతం తీసుకుంటున్నాను. అది నా మనసులో ఇంకా ముల్లులాగే ఉంది. మా పాస్టరు గారితో చాలాసార్లు మాట్లాడాను కూడా.

పండగల సంగతికి వస్తే, దసరాకు ఆటోనగర్ మొత్తం ఆయుధ పూజ చేస్తారు. ముందురోజు షాపు కడగడం, సామాను సర్దడం అన్నిటిలో నేనుంటాను. పూజ, ప్రసాదం విషయంలో నా పద్ధతి ఏమిటో రెండు రోజుల ముందే చెప్పేస్తాను. ప్రసాదం పెట్టడానికి మనిషి చెయ్యి చాపాక వద్దంటే ఆయన మనసు నొచ్చుకుంటుంది. ముందే నెమ్మదిగా చెబితే ఎవరూ తప్పుపట్టలేదు. దీని మీద మన సంఘాల్లోనే ఒక్కొక్కరిది ఒక్కో అభిప్రాయం. బైబిల్లో విగ్రహాలకు అర్పించిన ఆహారం గురించి పౌలు రాసిన మొదటి కొరింథీ 8, 10 అధ్యాయాలు చదివి మీ మనస్సాక్షి ప్రకారం నిర్ణయించుకోండి. అక్కడ పౌలు మన మనస్సాక్షితో పాటు ఎదుటి మనిషి మనస్సాక్షిని కూడా పట్టించుకోమంటాడు.

మాది గుంటూరు వైపు లూథరన్ (ప్రొటెస్టెంట్ క్రైస్తవుల్లో ఒక శాఖ) కుటుంబం. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చారు. ఆమె డాక్టరే అయినా మిషన్ వాళ్లు మొదట ఆమెను వైద్యం కోసం నియమించలేదు. అయినా జబ్బుపడ్డ ఆడవాళ్లు వస్తుంటే ఆమె చూస్తూనే ఉన్నారు. 1898కి గుంటూరులో ఆస్పత్రి తెరిచారు. మా అమ్మమ్మ పుట్టింది ఆ ఆస్పత్రిలోనే. ఆ డాక్టరమ్మ కులం, మతం అడగకుండా చెయ్యి పట్టుకుని నాడి చూసేవారట అని మా ఇంట్లో చెప్పుకునేవారు. మా కుటుంబానికి సువార్త అంటే మొదట తెలిసింది ఆ రూపంలోనే.

మీ భయం విషయానికొస్తే, మతాన్ని పాటించే, ప్రచారం చేసే హక్కు రాజ్యాంగం 25వ అధికరణం మనకు ఇచ్చింది. కానీ ఆఫీసులో హక్కు గురించి వాదించుకుని ఎవరి మనసూ గెలవలేం. మొదటి పేతురు 3:15లో అడిగినవాళ్లకు జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమని ఉంది, అదీ "సాత్వికముతోను భయముతోను" అని. మీ కింద పనిచేసేవాళ్ల దగ్గర మరింత జాగ్రత్తగా ఉండండి. మీకు భయపడి వాళ్లు తల ఊపకూడదు.

మా పక్క వెల్డింగ్ షాపు ఆయన ముస్లిం. వాళ్ల పాపకు డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడు ఆ పేరు రాసుకున్నాను. పాప కోలుకుంది, డాక్టర్లు బాగా చూశారు. ఆరు నెలల తర్వాత టీ కొట్టు దగ్గర ఆయన నన్ను అడిగారు: "అన్నా, మీ బుక్కులో మా పాప పేరు ఇంకా ఉందా?" ఉందన్నాను. "తీసెయ్యకు. ఈసారి పదో తరగతి పరీక్షలు రాస్తోంది" అన్నారు.