మీ కంప్యూటర్, మీ ప్రశ్న: యాంటీవైరస్ డబ్బా కొనే ముందు

ప్రశ్న: సార్, మాది తణుకు. మావారు లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఇంట్లో 2017లో కొన్న డెస్క్‌టాప్ ఉంది, విండోస్ 10. ఆయన పెన్షన్ కాగితాలు, బ్యాంకు పని దాంట్లోనే చూసుకుంటారు. మనవరాళ్ల ఫొటోలన్నీ నేను దాంట్లోనే దాచుకున్నాను. యాంటీవైరస్ గడువు అయిపోయింది. రోజూ కుడివైపు మూలన ఎర్ర బొమ్మ వచ్చి టెన్షన్ పెడుతోంది. షాపతను మూడేళ్లది 1,800కి వేస్తానంటున్నాడు. డాలస్‌లో ఉన్న మా అబ్బాయి తన ఫ్యామిలీ ప్యాక్‌లో ఒక లైసెన్స్ ఖాళీగా ఉంది, పంపిస్తానంటున్నాడు. మా మరిది కొడుకేమో 'అసలేమీ అక్కర్లేదు పెద్దమ్మా, దండగ' అని కొట్టిపారేశాడు. ఎవరి మాట వినమంటారు?

జవాబు: అమ్మా, ముగ్గురిలో మీ మరిది కొడుకు మాటే నిజానికి దగ్గరగా ఉంది. కాకపోతే సగమే చెప్పాడు.

ముందు నా సంగతి చెప్పుకోవాలి. హనుమకొండలో 22 ఏళ్లుగా సర్వీస్ షాపు నడుపుతున్నాను. యాంటీవైరస్ డబ్బా అమ్మితే నాకూ నాలుగు డబ్బులు మిగులుతాయి. పాత విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో డబ్బా వేయకుండా ఏ కంప్యూటర్నీ బయటికి పంపేవాణ్ని కాదు. పంపితే వారం తిరక్కుండా మళ్లీ నా బల్ల మీదికే వచ్చేది. 2012లో విండోస్ 8తో డిఫెండర్ అనే యాంటీవైరస్ విండోస్‌లోనే కలిసి రావడం మొదలైంది. కొన్నేళ్లపాటు దాన్ని నేనూ లెక్కచేయలేదు. తర్వాత అది చాలా మెరుగుపడింది. జర్మనీలో ఏవీ-టెస్ట్ అని, ఆస్ట్రియాలో ఏవీ-కంపారటివ్స్ అని, యాంటీవైరస్‌లకు పరీక్షలు పెట్టి మార్కులు వేసే సంస్థలున్నాయి. ఆ పరీక్షల్లో ఇప్పుడు డిఫెండర్ డబ్బిచ్చి కొనేవాటి సరసనే నిలబడుతోంది. బ్యాంకు పని, ఫొటోలు, వీడియోలు చూసుకునే ఇంటికి అది చాలు.

కాబట్టి గడువు తీరిన ఆ పాతదాన్ని ముందు తీసేయండి. సెట్టింగ్స్‌లో యాప్స్‌లోకి వెళ్లి, దాని పేరు మీద అన్‌ఇన్‌స్టాల్ కొట్టి, ఒకసారి రీస్టార్ట్ చేయండి. తర్వాత స్టార్ట్ మెనూలో విండోస్ సెక్యూరిటీ అని వెతికి, 'వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్' పక్కన ఆకుపచ్చ టిక్కు ఉందో లేదో చూడండి. వేరే యాంటీవైరస్ ఉన్నంతకాలం డిఫెండర్ పక్కకు తప్పుకుంటుంది, అది పోగానే తనే పనిలోకి దిగుతుంది. భయం కొద్దీ రెండు మూడు యాంటీవైరస్‌లు వేసుకొచ్చేవాళ్లుంటారు. అవి ఒకదాన్నొకటి అనుమానించుకుంటూ కూర్చుంటాయి, కంప్యూటర్ మాత్రం ఎడ్లబండిలా నడుస్తుంది.

ఇక మీ మరిది కొడుకు చెప్పని సగం. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. డిఫెండర్‌కి కొత్త వైరస్‌ల వివరాలు ఇంకా వస్తూనే ఉంటాయి. కానీ విండోస్‌లోనే బయటపడే కన్నాలను ఇక పూడ్చరు. దొడ్డితలుపు గడియ ఊడిపోయాక వీధి అరుగు మీద కాపలా పెట్టినట్టుంటుంది మీ పరిస్థితి, కాపలావాడు డిఫెండరైనా షాపతని 1,800 డబ్బా అయినా. 2017 మేలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వనాక్రై అనే వైరస్ ప్రపంచాన్ని కుదిపేసింది, మన ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లకూ తగిలింది, గుర్తుండే ఉంటుంది. అది దూరిన కన్నానికి మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే అప్‌డేట్ ఇచ్చింది. ఆ రెండు నెలల్లో వేసుకోని కంప్యూటర్లే దొరికిపోయాయి.

ఇళ్లలో వాడేవారికి మైక్రోసాఫ్ట్ మరో ఏడాది, అంటే 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా అప్‌డేట్లు ఇచ్చే ఏర్పాటు చేసింది. విండోస్ అప్‌డేట్ పేజీలోనే దానికి నమోదు చేసుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి, సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టనక్కర్లేదు. ఆ పైన విండోస్ 11 కావాలి. దానికి ఇంటెల్ చిప్ అయితే సాధారణంగా ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతిది ఉండాలి. మీది 2017 కంప్యూటర్ కాబట్టి ఆరో తరమో ఏడో తరమో అయి ఉంటుంది. అంటే కొత్త కంప్యూటర్ ఖర్చు ఎలాగూ తలుపు తట్టబోతోంది. దీనికి మూడేళ్ల డబ్బా ఎందుకు చెప్పండి?

అబ్బాయి పంపే లైసెన్స్ సంగతి. కొన్ని కంపెనీల లైసెన్స్ కీ కొన్న దేశంలోనే పనిచేస్తుంది, అది అతన్నే కనుక్కోమనండి. పనిచేస్తే వేసుకోండి, ఊరికే వస్తోంది కదా. గూగుల్‌లో వెతికి ఏదో ఒక ఉచిత యాంటీవైరస్ దింపుకోవడం మాత్రం వద్దు. అవాస్ట్ అనే ఉచిత యాంటీవైరస్ పేరు వినే ఉంటారు. వాడేవాళ్లు ఏయే సైట్లు చూస్తున్నారో ఆ వివరాలు అమ్ముకున్నందుకు 2024లో అమెరికా ప్రభుత్వ సంస్థ దానిచేత 1.65 కోట్ల డాలర్లు కట్టించింది.

మరి డబ్బా ఎవరు కొనాలి? ఇంట్లో పిల్లలుండి, వాళ్లు ఏం చూస్తున్నారో గమనించుకోవాలనుకునేవాళ్లు, నాలుగైదు ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు ఒకే చోట చూసుకోవాలనుకునేవాళ్లు కొనుక్కోవచ్చు. పుణె నుంచి క్విక్ హీల్, చెన్నై నుంచి కె7, ముంబయి నుంచి ఇ-స్కాన్, మన దేశపువే మూడున్నాయి. ఆటో రెన్యూవల్ మాత్రం ఆపించుకోండి. మొదటి ఏడాది డిస్కౌంట్ చూసి సంబరపడితే రెండో ఏడాది ఎంత కట్ అయిందో బ్యాంకు మెసేజ్ వచ్చాక గానీ తెలియదు.

ఇప్పుడు అసలు సంగతి, మీ మనవరాళ్ల ఫొటోలు. 2019లో ఒక ఫొటో స్టూడియో ఆయన మా షాపుకి ల్యాప్‌టాప్ తెచ్చాడు. ఫొటోల పేర్ల చివర ఏవో నాలుగు వింత అక్షరాలు తగిలించి ఉన్నాయి, ఒక్కటీ తెరుచుకోవడం లేదు. ప్రతి ఫోల్డర్లో ఒక చీటీ. తాళం తీయాలంటే 980 డాలర్లు, 72 గంటల్లో కడితే సగానికి సగం, 490. సంక్రాంతి ఆఫర్‌లా! అందులో డబ్బిచ్చి కొన్న మంచి యాంటీవైరసే ఉంది, ఇంకా ఏడు నెలల గడువు కూడా ఉంది. మరెలా వచ్చింది? పనిచేసే కుర్రాడు ఆల్బమ్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌కి క్రాక్, అంటే డబ్బు కట్టకుండా వాడుకునే దొంగ కాపీ, దింపాడు. 'ముందు యాంటీవైరస్ ఆఫ్ చేయండి' అని వీడియోలో చెప్పారట, చేశాడు. కొన్ని రకాలకు తాళం తీసే ఉచిత టూల్ ఉంది, ఈయనకు వచ్చిన రకానికి అది పనిచేయలేదు. డబ్బు కట్టొద్దని నేనే చెప్పాను. మూడు పెళ్లిళ్ల ఫొటోల్లో రెండింటివి ఇంకా కెమెరా కార్డుల్లోనే ఉన్నాయి కాబట్టి బతికిపోయాడు. మూడో పెళ్లివాళ్లకు అడ్వాన్సు వెనక్కిచ్చి చేతులు పట్టుకున్నాడు. ఆ పెళ్లికూతురి తండ్రి మా షాపుకీ వచ్చాడు, ఇంకేమైనా దారి ఉందా అని. లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

అందుకని ఆ 1,800కి ఇంకొంత కలిపి ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొనండి. నెలకోసారి, పెన్షన్ పడిన రోజని గుర్తుపెట్టుకుని, ఫొటోలు దాంట్లోకి కాపీ చేసి, తీగ పీకి బీరువాలో పెట్టండి. తీగ పీకడం మరిచిపోవద్దు. తగిలించి ఉంచితే వచ్చిన వైరస్ దానికీ తాళం వేసేస్తుంది.

ప్రశ్న: జిరాక్స్ షాపులో పెన్‌డ్రైవ్ పెట్టి తెచ్చాక ఫైళ్లన్నీ షార్ట్‌కట్‌లు అయిపోయాయి. ఫార్మాట్ చేయనా? (డిగ్రీ విద్యార్థి, జగిత్యాల)

జవాబు: ఆగు తమ్ముడూ. ఫైళ్లు చాలావరకు అందులోనే ఉంటాయి, వైరస్ వాటిని దాచేసి ముందు నకిలీవి పెట్టింది. షార్ట్‌కట్ మీద క్లిక్ చేయకు, చేస్తే నీ కంప్యూటర్‌కీ ఎక్కుతుంది. పెన్‌డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి డిఫెండర్‌తో స్కాన్ చెయ్యి. తర్వాత వ్యూలో 'హిడెన్ ఐటమ్స్' టిక్ చేసి, ఆ పక్కనే ఆప్షన్స్‌లో 'ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్' దగ్గర టిక్ తీసెయ్యి, అవి కనిపిస్తాయి. కాపీ చేసుకున్నాక ఫార్మాట్ కొట్టు. ఈసారి షాపుకి పీడీఎఫ్ మెయిల్ చెయ్యి.

ప్రశ్న: తెరంతా ఎర్రగా అయిపోయి 'మీ కంప్యూటర్‌కి వైరస్, వెంటనే ఈ నంబర్‌కి ఫోన్ చేయండి' అని హారన్ మోగుతోంది. (గృహిణి, ఒంగోలు)

జవాబు: చేయకండమ్మా. మైక్రోసాఫ్ట్ చూపించే హెచ్చరికల్లో ఫోన్ నంబర్ ఉండదు. అది ఉత్త వెబ్ పేజీ. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి, వచ్చిన జాబితాలో బ్రౌజర్‌ని ఎంచుకుని 'ఎండ్ టాస్క్' కొడితే హారన్ ఆగుతుంది. ఇప్పటికే ఫోన్ చేసి, వాళ్లు చెప్పిన యాప్ వేసుకుని ఉంటే ముందు ఇంటర్నెట్ తీసేయండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి, మీ బ్యాంకుకి ఫోన్ చేయండి. పాస్‌వర్డ్‌లు ఆ కంప్యూటర్లో కాకుండా మీ ఫోన్‌లోంచి మార్చుకోండి.