పొడి సంగతి తర్వాత, ముందు ఆ గురక చూపించుకోండి

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. గాజువాకలో ఉంటాను, ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 94 కిలోలు. పరగడుపు షుగర్ 112, బీపీ లేదు. నిద్రలో గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతున్నానని మా ఆవిడ భయపడుతోంది. నెలకు 6,000 రూపాయల పొడి తాగితే బరువు తగ్గుతుందంటున్నారు. వాడొచ్చా?

జవాబు: మీరు అడిగింది పొడి గురించే గానీ, నాకు టెన్షన్ పెట్టింది మీ శ్రీమతి చెప్పిన మాట. మెడ చుట్టూ, నాలుక మొదట్లో కొవ్వు చేరితే నిద్రలో గొంతు దారి మూసుకుపోతుంది. ఆక్సిజన్ పడిపోగానే మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. రాత్రంతా ఇదే వరస. దీన్నే స్లీప్ ఆప్నియా అంటాం. ఎనిమిది గంటలు పడుకున్నా నిద్ర చాలదు, బీపీ, గుండె జబ్బు తోడవుతాయి. పగలు కునుకు వస్తోందో లేదో మీరు రాయలేదు. వస్తుంటే మాత్రం నైట్ షిఫ్టు దిగి బండి నడపొద్దు. నిద్ర పరీక్ష అయ్యేదాకా బస్సెక్కండి.

మీ బీఎంఐ, అంటే ఎత్తుకు బరువు ఎంత ఉందో చెప్పే లెక్క, 33. మనవాళ్లకు 25 దాటితేనే ఊబకాయం కింద లెక్క. మగవాళ్లకు నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు మించకూడదు. ప్యాంటు సైజు చూసి సరిపెట్టుకోకండి, దాన్ని పొట్ట కిందికి దించి కట్టుకుంటాం కదా! ఇక షుగర్ 112 అంటే నార్మల్ కాదు, 100 నుంచి 125 వరకు ప్రీడయాబెటిస్, అంటే షుగర్ జబ్బుకు ముందు మెట్టు.

పొడికి ఏడాదికి 72,000 అవుతుంది. ఆపేశాక మళ్లీ పాత తిండే, పాత బరువే. అందులో ఒక్క నెల డబ్బు పెట్టి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష), కొలెస్ట్రాల్, లివర్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. డబ్బు ఇబ్బందైతే విశాఖలోని ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ ఓపీకి వెళ్లండి. బరువు తగ్గడానికి వారానికోసారి తీసుకునే కొత్త ఇంజెక్షన్లు పనిచేస్తాయి, కాదనను. కానీ మానేస్తే బరువు చాలావరకు తిరిగొస్తుంది. డాక్టర్ చూసి రాస్తేనే వాడాలి.

ఇప్పటికి ఏడు కిలోలు తగ్గితే చాలు. అమెరికాలో ప్రీడయాబెటిస్ ఉన్నవాళ్ల మీద చేసి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం లక్ష్యంగా పెట్టుకున్నవాళ్లకు షుగర్ వచ్చే ముప్పు 58 శాతం తగ్గింది. బీచ్ రోడ్డులో గంట నడిచి, వస్తూ బజ్జీల బండి దగ్గర ఆగే పేషెంట్లు నాకు బోలెడుమంది, మీరు వాళ్లలో చేరకండి. నైట్ డ్యూటీలో పునుగులు, పంచదార టీ మానేసి ఇంటి నుంచి ఉడికించిన గుడ్లో, శనగలో తీసుకెళ్లండి. అన్నం సగానికి తగ్గించి పప్పు, కూర పెంచండి.

ఊపిరితిత్తుల డాక్టర్‌ని ఈ వారమే కలవండి. ఆ గురకను మీ శ్రీమతి చేత ఫోన్‌లో ఓ నిమిషం వీడియో తీయించి, ఆమెనూ వెంట తీసుకెళ్లండి. రాత్రి ఏం జరుగుతోందో మీకంటే ఆమెకే బాగా తెలుసు.