ఊరికే నేర్పే చోటుకి అబ్బాయిని పంపొచ్చా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లాలో ఒక పల్లె. మా అబ్బాయి డిగ్రీ అయ్యాక రెండు వేసవులు ఒక ఏసీ మెకానిక్ దగ్గర హెల్పర్‌గా చేశాడు. ఇప్పుడు సొంతంగా రిపేర్ షాపు పెట్టుకుంటానంటున్నాడు. పల్లె యువతకు స్వయం ఉపాధి నేర్పే రుడ్‌సెట్ అనే సంస్థలో పైసా తీసుకోకుండా ట్రైనింగ్ ఇస్తారట. ఊరికే చెప్పేదానికి విలువ ఉంటుందా? వ్యాపారం మా ఇంటా వంటా లేదు. అక్కడికి పంపాలా, గ్రూప్స్ కోచింగ్‌లో చేర్పించాలా?

జవాబు: అమ్మా, పంపండి. ఫీజు లేదంటే నాసిరకం అనుకోవడం సహజమే. కానీ ఇక్కడ ఖర్చు లేక కాదు, దాన్ని వేరేవాళ్లు భరిస్తున్నారు. ధర్మస్థల ట్రస్టు, బ్యాంకులు కలిసి 1982లో కర్ణాటకలోని ఉజిరెలో రుడ్‌సెట్‌ను మొదలుపెట్టాయి. అది బాగా నడవడంతో అదే పద్ధతిలో జిల్లాకొకటి చొప్పున ఆర్‌సెటీలు (గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు) పెట్టించారు. వాటిని బ్యాంకులు నడుపుతాయి, శిక్షణ ఖర్చుకు ప్రభుత్వం డబ్బిస్తుంది. ఉండడానికి చోటు, తిండి అన్నీ అక్కడే. ఏసీ, ఫ్రిజ్ రిపేర్ కోర్సు నెల రోజులుంటుంది.

మీ అసలు టెన్షన్ 'ఇంటా వంటా లేదు' అన్న మాటలో ఉంది. దానికి జవాబు మన కాకినాడలోనే దొరికింది. 1964లో డేవిడ్ మెక్‌లెలాండ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త కాకినాడ ప్రాంతపు వ్యాపారులకు హైదరాబాద్‌లోని ఒక సంస్థలో శిక్షణ ఇప్పించారు. యూసఫ్‌గూడలో ఇప్పుడున్న ఎన్ఐ ఎంఎస్ఎంఈ (చిన్న పరిశ్రమల జాతీయ సంస్థ) అదే. తర్వాత చూస్తే, శిక్షణ పొందినవాళ్లు పొందనివాళ్ల కంటే ఎక్కువగా కొత్త పనులు మొదలుపెట్టారు, ఎక్కువమందికి పని ఇచ్చారు. కులమో వంశమో కాదు, నేర్పితే వచ్చే గుణమే అని తేలింది.

ఆ పద్ధతి ఇప్పటికీ ఈ శిక్షణల్లో ఉంది. రింగుల ఆట ఆడిస్తారు. నేల మీద ఒక పుల్ల నిలబెట్టి, ఎంత దూరం నుంచి రింగు విసరాలో మిమ్మల్నే ఎంచుకోమంటారు. దగ్గర నుంచి వేస్తే తక్కువ పాయింట్లు, దూరమైతే ఎక్కువ. కొందరు పుల్ల పక్కనే నిలబడతారు, కొందరు గోడ దాకా వెళ్లి గాల్లోకి విసురుతారు. తన చేతి సత్తా చూసుకుని మధ్యలో నిలబడి, తప్పితే ఒక అడుగు ముందుకు జరిగేవాడే వ్యాపారంలో నిలుస్తాడు. మీవాడు ఎక్కడ నిలబడ్డాడో ఇంటికొచ్చాక అడగండి.

పని రెండు వేసవుల్లో కొంత నేర్చుకున్నాడు కాబట్టి, నాకు ముఖ్యంగా కనిపించేది వ్యాపారం పాఠాలే. మార్కెట్ సర్వేకి బజారుకు పంపినప్పుడు మొక్కుబడిగా తిరిగి రావద్దని చెప్పండి. మీ మండలంలో ఎన్ని షాపుల్లో, ఆసుపత్రుల్లో, ఇళ్లలో ఏసీలున్నాయి, ఇప్పుడు ఎవరు బాగు చేస్తున్నారు, పిలిచిన ఎన్నాళ్లకు వస్తున్నారు, గ్యాస్ పట్టడానికి ఎంత తీసుకుంటున్నారు, ఇవన్నీ నోట్‌బుక్కులో రాసుకోవాలి. ఏసీ పని ఉగాదికి కాస్త ముందు ఊపందుకుని మృగశిర కార్తెతో సద్దుమణుగుతుంది. ఆ మూడు నెలల రాబడిని ఏడాది పొడవునా సర్దుకోవాలి. వానాకాలంలో ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు కూడా చూడగలిగితే రోజు గడుస్తుంది. చాలామంది కుర్రాళ్లు మే నెల గల్లా చూసి అద్దెకు షాపు తీసుకుని, ఆగస్టులో అద్దె కట్టలేక తాళం వేస్తారు. అందుకే మొదటి ఏడాది షాపు వద్దంటాను. బండి, గ్యాస్ ఒత్తిడి చూసే గేజ్ సెట్, వాక్యూమ్ పంపు, సర్వీసింగ్‌కి ప్రెషర్ పంపు ఉంటే ఇంటింటికీ వెళ్లి చేయొచ్చు.

అప్పు గురించి. శిక్షణ అయ్యాక దరఖాస్తును బ్యాంకుకు పంపడంలో రుడ్‌సెట్ వాళ్లు సాయం చేస్తారు, రెండేళ్ల వరకు ఎలా నడుస్తోందో కనుక్కుంటూ ఉంటారు. కానీ మంజూరు చేసేది బ్యాంకు బ్రాంచే. సర్టిఫికెట్ చూపించగానే డబ్బు చేతికొస్తుందనుకోవద్దు. పనిముట్ల వరకైతే ముద్ర రుణం చాలు. 50,000 లోపు శిశు, 5 లక్షల దాకా కిశోర్ అంటారు, తాకట్టు అక్కర్లేదు. తర్వాత పెద్దగా పెట్టాలంటే పీఎంఈజీపీ అనే కేంద్ర ప్రభుత్వ సబ్సిడీ రుణ పథకం ఉంది. పల్లెల్లో జనరల్ వాళ్లకు 25 శాతం, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు, మహిళలకు 35 శాతం సబ్సిడీ. ఆ సబ్సిడీ మూడేళ్లు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉంటుంది, చేతికి రాదు. పైగా అది కొత్త యూనిట్లకే. మీవాడికి ఆ ఆలోచన ఉంటే ఏదీ మొదలుపెట్టక ముందే రుడ్‌సెట్ వాళ్లతో మాట్లాడాలి. సబ్సిడీ ఇప్పిస్తానని ఎవరైనా కమీషన్ అడిగితే ఒక్క రూపాయి ఇవ్వకండి.

గ్రూప్స్ సంగతి. నెల రోజుల శిక్షణతో ఆ దారి మూసుకుపోదు. కానీ ఇష్టం లేని వాడిని కోచింగ్‌లో కూర్చోబెడితే డబ్బూ పోతుంది, రెండేళ్లూ పోతాయి. అతనికి పరీక్ష మీద మనసుందో లేదో మీరే నెమ్మదిగా అడగండి, బంధువుల ముందు వద్దు.

ఈ వారంలోనే ఆధార్, రేషన్ కార్డు, డిగ్రీ సర్టిఫికెట్, ఫోటోలతో అనంతపురం రుడ్‌సెట్‌కు వెళ్లి పేరు ఇవ్వమనండి. బ్యాచ్ నిండితే తర్వాతి దానికి ఆగాలి. ఏసీ బ్యాచ్ ఎప్పుడు మొదలవుతుందో కనుక్కుని, ఎండలు ముదిరే లోపు పూర్తయ్యేలా చూసుకోండి.