ఆగస్టు ఆఖర్లో వెళ్తే పఫిన్లు కనిపించవు

మీరు ఆగస్టు ఆఖర్లో ఐస్‌లాండ్ వెళ్లి, మూడు రోజులు కొండ అంచున కాపు కాసినా ఒక్క పఫిన్ (రంగుల ముక్కున్న సముద్రపు పక్షి) కూడా కనిపించలేదన్నారు. వెళ్లిన నెలే తేడా కొట్టిందండీ. ఇవి నేల మీదికి వచ్చేది గుడ్డు పెట్టి పిల్లను పెంచడానికే. ఏప్రిల్‌లో వస్తాయి, ఆగస్టు మధ్యకల్లా దాదాపు అన్నీ సముద్రం మీదికి వెళ్లిపోతాయి. చలికాలమంతా నీళ్ల మీదే. ఆ రంగుల ముక్కు పైపెచ్చులు కూడా అప్పటికి రాలిపోతాయి.

ఈసారి జూన్ చివర్లోనో జులై మొదట్లోనో వెళ్లండి. పిల్లకు మేత మోసే రోజులవి. పెద్ద పక్షి చేపల్ని నాలుకతో అంగిటి ముళ్లకు నొక్కిపెట్టి, ముక్కు నిండా అడ్డంగా వరసగా పట్టుకొస్తుంది. ఇక దిగడం అంటారా, దబ్బున పడటమే! సీగల్స్ లాక్కుంటాయన్న భయంతో క్షణంలో తన గూడైన బొరియలోకి దూరిపోతుంది. అందుకే కెమెరా ముందే రెడీగా పెట్టుకోండి.

మళ్లీ ఐస్‌లాండే అయితే నా ఓటు తూర్పున ఉన్న బోర్గార్‌ఫ్యోర్దుర్ ఎయిస్త్రికి. అక్కడ చూడటానికి ప్లాట్‌ఫారాలు కట్టారు, బొరియలు చాలా దగ్గర్లో ఉంటాయి. సాయంత్రం వెళ్లండి, పగలు చాలావరకు వేటలో ఉంటాయి. బ్రిటన్ వైపైతే వేల్స్‌లోని స్కోమర్ దీవి. కాకపోతే అది జులై చివరికే ఖాళీ అవుతుంది. ఎక్కడైనా సరే, దారి దిగి గడ్డిలో నడవకండి, కింద బొరియలు కూలిపోతాయి.